పోస్టరు మొదటి వరుస

పోస్టరు మీద మొదటి వరుస ఎప్పుడూ ఒకటే: మంగళవాద్యం. దాని కింద ప్రార్థనాగీతం, అది పాడే అమ్మాయి పేరు, ఆ అమ్మాయికి నేర్పిన గురువు పేరు. ఆ కింద జ్యోతి వెలిగించే పెద్దలు, ఫోటోలతో సహా. ఇంకా కిందికి వస్తే బ్యాండ్లు, గాయకులు, కీబోర్డు వాయించేవాళ్ళు. అట్టడుగున సౌండు, లైటింగు, షామియానా ఇచ్చినవాళ్ళు. ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చినవాడి పేరు కూడా ఉంటుంది. మంగళవాద్యం పక్కన మాత్రం పేరు ఉండదు.

ఆ పేరు లేని మంగళవాద్యం మా ఇల్లు. నాదస్వరం మా నాయన, డోలు మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు. శ్రుతిపెట్టె ఎవరికి తీరిక ఉంటే వాళ్ళది. చాలాసార్లు నాదే.

మా వైపు వేసవి చివర్లో ఒక సంగీతోత్సవం జరుగుతుంది. మదనపల్లెలో ఒక స్టేజి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. ఏ స్టేజి ఎవరు ఎక్కుతారో పోస్టరు వచ్చేదాకా కమిటీవాళ్ళు చెప్పరు. చెప్పకపోవడమే వాళ్ళ ప్రచారం. ఆ లోపల జనం ఊహాగానాల్లో మునిగిపోతారు. మదనపల్లెలో బస్టాండు దగ్గర నేను టీ తాగే అంగడిలో ఆ నెలంతా వేరే మాట వినపడదు.

నేను డిప్లొమా చదివాను. పాలు చల్లబరిచే యంత్రాలు బాగుచేయడం నా పని. సదుం, చౌడేపల్లె, పుంగనూరు తిరుగుతుంటాను, అప్పుడప్పుడు కుప్పం కూడా పోతాను. అందుకే టీ అంగడికి వార్తలు మోసేది నేనే అయ్యాను. ఏ లాడ్జిలో గదులు ఎవరి పేరు మీద తీసుకున్నారు, పెద్ద జనరేటరు ఏ ఊరికి అడిగారు, ఏ గాయకుడు ఆ వారం ఇంకెక్కడా కార్యక్రమం పెట్టుకోలేదు, ఇవన్నీ ఫోనులో ఒక పట్టికగా వేసుకునేవాణ్ణి. కంటితో చూసినది పచ్చ రంగు, చూసినవాళ్ళు చెప్పినది పసుపు, అంగడి మాట ఎరుపు. నా అంచనాలు ఎక్కువగా నిజమయ్యేవి. దాంతో కాస్త గర్వం కూడా ఉండేది.

రెండేళ్ళ కిందటి వేసవిలో కూడా మాటలు అలాగే మొదలయ్యాయి.

"కుప్పం స్టేజికి బెంగుళూరోళ్ళే వస్తారు, సూడప్పా. రాకుంటే ఈ అంగడి మూసేస్తా," అన్నాడు టీ అంగడి ఆయన.

"పోయినేడు గూడా మూస్తానంటివి. ఇంకా టీ పోస్తానే ఉండావే," అన్నాడు కుప్పం బస్సు కండక్టరు.

"నువ్వు తాగతానే ఉండావు కాబట్టి పోస్తాండాను. మానుకో, నేనూ మూస్తా."

అందరూ నవ్వారు. మాటల్లోనే స్టేజీలు మూడూ నిండాయి. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరికి వర్షం అడ్డం వస్తుంది, అన్నీ తేలిపోయాయి. అప్పుడు నేనడిగాను.

"అన్నీ చెప్పినారు. మూడు స్టేజీల్లో మొదట వాయించేది ఎవురు?"

"మొదటనా? మొదట మంగళవాద్యం కదప్పా."

"అదే. ఎవురు?"

"ఎవురో ఒకరు," అన్నాడు కండక్టరు. "అది గూడా చెప్పాల్నా?"

నేనెవరో వాళ్ళకు తెలుసు. మా నాయనెవరో తెలుసు. ఆ కండక్టరు పెళ్ళికి వాయించింది మా నాయనే. నన్ను కించపరచాలని అన్న మాట కూడా కాదు, నోటికి వచ్చింది అన్నాడు. అందుకే నాకు ఇంకా మండింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను.

ఆ వారంలోనే కమిటీ మనిషి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. పుంగనూరులో బట్టల వ్యాపారం ఆయనది. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చొని చెప్పాడు.

"ఈసారి కొత్తగా చేస్తాండామప్పా. కుప్పం స్టేజి మీద నాదస్వరం కచేరీ పెడతాం. మీరు పైన కూర్చొని వాయించాల, జనం కింద కూర్చొని వినాల. ఆ దినం ఖాళీ పెట్టుకో."

మా నాయన ఒకే ప్రశ్న అడిగాడు. "ఎంతసేపు వాయించొచ్చు?"

"నీ ఇష్టమప్పా. నిన్ను ఆపేదెవురు?"

అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. "ఆకువక్క యాడప్పా?" అంది.

ఆయన నవ్వాడు. "ఫోన్లుండే కాలంలో ఆకువక్క ఏందమ్మా! మెసేజి పెడతాలే."

మా వృత్తిలో రోజు ఖాయం కావాలంటే ఆకువక్క చేతిలో పడాలి. పిలిచేవాళ్ళు పళ్ళెంలో తమలపాకులు, వక్కలు పెట్టి ఇస్తారు, మేళం పెద్ద రెండు చేతులతో అందుకుంటాడు. అందుకున్నాక ఎంత పెద్దవాళ్ళు పిలిచినా ఆ రోజు ఇంకొకరికి పోదు. ఇచ్చినవాళ్ళూ మాట మార్చకూడదు. ఎవరు తప్పినా ఆ సంగతి గుర్రంకొండ దాకా ఉన్న మేళాలన్నిటికీ తెలుస్తుంది. మెసేజి తప్పితే ఎవరికీ తెలియదు. ఆయన పంపిన మెసేజిలో తేదీ, రెండు చేతులు జోడించిన బొమ్మ, అంతే ఉన్నాయి. అయినా మా నాయన దాన్ని ఆకువక్కగానే తీసుకున్నాడు. నేనూ పట్టికలో పచ్చ రంగు వేశాను.

తర్వాత చౌడేపల్లె నుంచి ఒక పెద్దాయన పళ్ళెం తీసుకొని వచ్చాడు. మనవరాలి పెళ్ళి. ఆయన పెళ్ళికి మా తాత వాయించాడు, ఆయన కొడుకు పెళ్ళికి మా నాయన వాయించాడు. ముహూర్తం అదే రోజు.

"ఆ దినం కుప్పంలో ఉండాదప్పా," అన్నాడు మా నాయన. కాస్త ఆగి, "కచేరీ," అన్నాడు.

"కచేరీనా? నీదా?"

"నాదే."

పెద్దాయన ముఖంలో నొప్పీ కనిపించింది, సంతోషమూ కనిపించింది. "పోనీలేప్పా. మంచి మాటే చెప్తివి," అని పళ్ళెం పట్టుకొని లేచాడు. మా గడప దాటి ఆకువక్క వెనక్కి పోవడం నేను అదే మొదలు చూడటం.

ఆ రోజు నుంచి మా నాయన తోడి రాగం పట్టుకున్నాడు. ఆయనకు తోడి అంటే ప్రాణం. కానీ పెళ్ళిళ్ళలో దాన్ని పూర్తిగా వాయించింది ఎప్పుడూ లేదు. ఎత్తుకున్న కాసేపటికి భోజనాలకు పిలుస్తారు, లేదా పెళ్ళికొడుకు కారు వస్తుంది, లేదా ఎవరో ఒక కుర్రవాడు వచ్చి సినిమా పాట అడుగుతాడు. "ఒక్కసారి మొదలు నుంచి చివరి దాకా వాయించి దించితే చాలు," అనేవాడు. నాదస్వరానికి బిగించి ఊదే పీకను నీళ్ళలో నానబెట్టి, నోట్లో పెట్టుకొని తడిపి, ఎదురింటి వాళ్ళు తలుపులు వేసుకునేదాకా సాధన చేసేవాడు. పక్క పళ్ళు కదులుతున్నాయి. ఇంకో రెండేళ్ళకు ఊదగలడో లేదో తెలియదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

పోస్టరు వచ్చింది. కండక్టరే మా టీ అంగడి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మొదటి వరుస మంగళవాద్యం. పేరు లేదు. కుప్పం స్టేజి కింద వెతికాను. నాదస్వరం కచేరీ లేదు. దాని చోట బెంగుళూరు సాక్సోఫోను బృందం పేరు పెద్ద అక్షరాలతో ఉంది. టీ అంగడి ఆయన అంగడి మూయక్కరలేదని గ్రూపులో పండగ చేసుకున్నారు. "నీ పచ్చ రంగు యాడికి పాయ అప్పా?" అని ఒకరు, కింద నవ్వే బొమ్మలు పెడుతూ పదిమంది.

బట్టల వ్యాపారికి ఫోను చేశాను.

"కచేరీ అంటిరి కదా. పోస్టర్లో యాడుండాది?"

"యాల కోపం? మొదట వాయించేది మీరే కదప్పా. మీరు లేకుంటే కార్యక్రమం మొదలే కాదు!"

"స్టేజి మీదా, కిందా?"

"గేటు కాడ మొదలుపెట్టి, మెట్ల కాడికి రాండి. గెస్టు పైకెక్కేదాకా. పైన టైము లేదప్పా, సాక్సోఫోనోళ్ళు ఎక్కువ టైము అడిగినారు. జనం గూడా అదే అడగతాండారు."

జనం ఎక్కడ అడిగారు? ఏ ఊళ్ళో, ఎవరు, ఎవరిని? ఈ ప్రశ్నలన్నీ వరసగా అడిగాను. ఆయన ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత చౌడేపల్లెకు ఫోను చేశాను. వాళ్ళు అప్పటికే స్పీకరు పెట్టుకొని, రికార్డు మేళం వేసుకోవడానికి ఏర్పాటు చేసుకున్నారు.

"పోవద్దు బావా," అన్నాడు మా మామ. "తాళాలేసుకొని ఇంట్లో కూసుందాం. గేటు కాడ వాళ్ళే ఈలలేసుకోనీ."

"ఒప్పుకుంటిమి కదరా. పోకుంటే చెడేది వాళ్ళ పేరు కాదు," అన్నాడు మా నాయన. "వాళ్ళకు పేరుండాది, మనకు మాట ఒకటే ఉండేది."

ఆ మాట గొప్పగా ఉందని నేను అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను. మాట తప్పినవాడికి మాట నిలబెట్టుకొని చూపించడమేమిటి? కానీ శ్రుతిపెట్టె నేనే మోశాను.

కుప్పంలో మేం దిగేసరికి ఇంకా ఎండ ఉంది. గేటు దగ్గర వాయించాం. తర్వాత స్టేజి మెట్ల పక్కన మడిచిన షామియానా గుడ్డ చూపించి అక్కడ కూర్చోమన్నారు. గెస్టు ఆలస్యం. బట్టల వ్యాపారి వచ్చి, "వాయిస్తా ఉండప్పా, ఆయనొచ్చేదాకా," అన్నాడు.

మా నాయన పీక తడిపి, తోడి ఎత్తుకున్నాడు.

నేను అనుకోలేదు. మామ కూడా అనుకోలేదు, డోలు మీద చెయ్యి పెట్టి ఊరికే చూస్తూ ఉన్నాడు. తోడిలో గాంధారం దగ్గర స్వరం ఊగాలి, కానీ జారకూడదు. అక్కడ మా నాయన నిలబడ్డాడు. పూలమ్మే ఆమె గంప దించి కూర్చుంది. బందోబస్తుకు వచ్చిన ఇద్దరు ఇటు తిరిగారు. ముందు వరుసలో ఒకాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. రాగం మెల్లగా పైకి ఎక్కుతోంది. ఇంకాస్త ఆలస్యం కావాలని, ఆ కారు దారిలో ఎక్కడో ఆగిపోవాలని నేను కోరుకున్నాను.

కారు వచ్చింది. వ్యాపారి దూరం నుంచే చెయ్యి ఊపాడు, ఆపు, ఆపు అని. కాకిని తోలినట్టు. మా నాయన పై షడ్జం దగ్గర ఉన్నాడు. ఆపేశాడు.

గెస్టు మెట్లెక్కి, జ్యోతి వెలిగించి, మైకు పట్టుకున్నాడు. మన నేల కళలు అంతరించిపోతున్నాయన్నాడు. వాటిని కాపాడుకోవడం మనందరి బాధ్యత అన్నాడు. సరిగ్గా అప్పుడే వ్యాపారి మా దగ్గరికి వంగి, "లేయండప్పా, ఈ జాగా కావాల. సాక్సోఫోనోళ్ళ పెట్టెలు ఈడ పెట్టాల," అన్నాడు.

పెళ్ళిలో తాళి కట్టే క్షణాన గట్టి మేళం వాయిస్తారు. తుమ్ము గానీ, ఏడుపు గానీ, చెడ్డ మాట గానీ ఆ జంట చెవిన పడకూడదని, అన్నిటినీ కప్పేసేలా డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా అందుకుంటాయి. పురోహితుడు వేలెత్తి సైగ చేస్తాడు. కుప్పంలో పురోహితుడు లేడు. మా నాయనే వేలెత్తాడు.

మామ ఎన్నేళ్ళుగానో ఆ సైగ కోసమే కాచుకున్నట్టు కొట్టాడు. గెస్టు నోరు కదులుతోంది, మాట లేదు. మేం మెట్ల పక్కనే ఉండటంతో స్టేజి మైకులే మా డోలును పట్టుకున్నాయి, వాళ్ళ స్పీకర్లే దాన్ని మైదానమంతా మోగించాయి. సౌండు మనిషి ఏ బటన్ తగ్గించాలో తెలియక బల్ల మీద చేతులు పరిగెత్తిస్తున్నాడు. నాకు తెలుసు ఏది తగ్గించాలో. చెప్పలేదు. మూడు ముళ్ళు పడేంతసేపు వాయించి, మా నాయన నాదస్వరం దించాడు.

వ్యాపారి ముఖం నల్లబడింది. "ఏందప్పా ఇది?"

"చెడ్డ మాట చెవిన పడకూడదని," అన్నాడు మా నాయన.

జాగా ఖాళీ చేసి వచ్చేశాం. బస్సులో మామ ఒకటే నవ్వు. "బావా, ఆయన నోరు సూసినావా, సేప మాదిరి!" మా నాయన నవ్వలేదు. పీకను గుడ్డలో తుడిచి, డబ్బీలో పెట్టి, కిటికీ వైపు తిరిగాడు. "తోడి సగంలో నిలిచిపాయ," అన్నాడు.

జరిగింది విన్నవాళ్ళు మాకు శభాష్ అన్నారు. నాకు శభాష్ అక్కర్లేదు. ఆయనకు కావలసింది ఒక చాప, ఒక మైకు, ఆపకుండా కూర్చునే జనం. గట్టి మేళం వాయించడం ఆయన కోరిక కాదు.

ఈ ఏడు మళ్ళీ ఊహాగానాలు మొదలయ్యాయి. నేను పట్టిక వేయడం మానేశాను. టీ మాత్రం అక్కడే తాగుతున్నాను. మొన్న మూడు స్టేజీలూ నింపాక, కండక్టరు నా వైపు చూసి తనే అన్నాడు.

"మొదట వాయించేది ఎవురో తెలీదు గానీ, మీ నాయన్ని మాత్రం పిలవరులేప్పా."

అందరూ నవ్వారు. నేను టీ తాగడం పూర్తి చేశాను. మూడు ఊళ్ళ అంచనాల్లో మా నాయన మాట రావడం అదే మొదటిసారి.