మంచిర్యాలకు మారిన ఆఫీసు

ఎనభైల నడుమ మా సంస్థ హెడ్డాఫీసు ఆసిఫాబాదులో ఒక పెంకుటింట్లో ఉండేది. అడవి పక్క ఊళ్లలోని క్షయరోగులకు మందులివ్వడం మా పని. నేను కార్యదర్శిని. వానాకాలం వస్తే ఇల్లు కారేది, టెలిఫోను మూగబోయేది. హైదరాబాదు నుంచి దాతలెవరైనా వస్తున్నారంటే నా గుండెల్లో రాయి పడేది. ఇక్కణ్ణుంచి బయటపడకపోతే పిచ్చెక్కుతుందని రోజూ అనుకునేవాణ్ణి.

చివరికి ఆఫీసు మార్చాలని కమిటీ తేల్చింది. ఎక్కడికన్నదే తేలలేదు. కాగజ్‌నగర్‌లో రైలుంది గానీ మిల్లు పనివాళ్ల తాకిడికి అద్దె ఇల్లు దొరకదు. నేను కరీంనగర్ అన్నాను, పెద్ద డాక్టర్లంతా అక్కడే ఉన్నారని. నా ఇల్లు కూడా అక్కడే ఉంది.

"డాక్టర్ల కోసమా, మీ ఇంటామె వంట కోసమా?" అన్నాడు మా అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు. అందరూ నవ్వారు. ఇక మిగిలింది మంచిర్యాల. రైలుంది, బ్యాంకుంది, ఆదివారం నేను ఇంటికి పోయి రావచ్చు. సరేనన్నాను.

మా నర్సు ఒక్కతే ఒప్పుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకున్న మనిషి, మొహమాటం లేదు.

"అంగడికొచ్చేటోళ్లు మన అరుగు మీద కూసోని వారానికి సరిపడ గోలీలు తీస్కపోతున్నరు సార్. మంచిర్యాలకు ఎట్లొస్తరు? గోలీలు ఆగితే రోగం తిరగబెడ్తది."

"జీపుల పంపిస్తం గదా. జర ఫికర్ తగ్గించుకో."

"వాళ్లనొక మాట అడిగిన్రా?"

నాకు ఒళ్లు మండింది. అడుగుతానన్నాను.

ఆ వారం అంగడి నాడు, సంతకొచ్చి అరుగు మీద కూర్చున్న వాళ్లకు చెప్పాను, మేం మంచిర్యాల పోతున్నాం, మీరేమంటారని. కోడలి మందు కోసం వచ్చే ఒక ముసలమ్మ లేచి, "మీ ఇష్టం బిడ్డా. యాడున్నా సల్లగుండున్రి" అంది. మిగతావాళ్లు తలలూపారు. ఆ ఊళ్లలో పోతానన్న మనిషిని ఎవరూ పోవద్దనరు. అన్నం పెడతారు, మంచి మాట చెప్పి పంపుతారు. పదేళ్లు అక్కడ తిరిగిన నాకు ఆ సంగతి బాగా తెలుసు. అయినా రిజిస్టరులో "గ్రామస్థులు సమ్మతించారు" అని రాసుకుని హమ్మయ్య అనుకున్నాను.

మొదటి నెల జీపు ప్రతి అంగడికీ వెళ్లి, ఆ పాత అరుగు దగ్గరే మందులిచ్చి వచ్చింది. తర్వాత దాతలొచ్చారని ఒక వారం, టైరు పోయిందని ఒక వారం ఆగింది. ఆ పైన ఆగడానికి కారణం కూడా ఎవరూ అడగలేదు. నర్సు బస్సులో పోతానంటే, దాతలకు పంపాల్సిన రోగుల పట్టిక ముందు పూర్తి చెయ్యమని కసిరాను. ఆ కసురు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒకరోజు ఆమె చెప్పకుండానే వెళ్లింది. తిరిగొచ్చి, "మీరే వచ్చి చూడున్రి" అంది, అంతే.

జీపు తీసుకుని వెళ్లాం. గుడిసెలో ముసలమ్మ కోడలు గోడకు ఒరిగి ఉంది. దగ్గడానికి కూడా ఓపిక లేదు. గోలీలు అయిపోయి ఆరు వారాలు. ఆరు అంగళ్లూ ముసలమ్మ ఆ పెంకుటింటికి పోయి, తాళం ఎదురుగా పొద్దుగూకే దాకా కూర్చుని, ఉత్త చేతులతో నడిచొచ్చిందట.

"మేం మంచిర్యాల పోతున్నమని చెప్పిన గద అవ్వా. అక్కడికి రాకపోయినవా?" అన్నాను. ఎంత సిగ్గులేని నోరు నాది!

ఆమెకు కోపం రాలేదు. "మీరు పోతమన్నరు బిడ్డా," అంది. "మందు గూడ పోతదని జెప్పలే."

కోడల్ని జీపులో పడుకోబెట్టి మంచిర్యాల ఆసుపత్రికి తెచ్చాం. నాలుగు రోజులు బతికింది. ఆ నాలుగు రోజులూ ఆమె పేరు రాసిన గోలీల పొట్లాలు, ఆరు వారాలవీ, పక్క వీధిలోని మా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి.