ఎండలో చూడందే ఒప్పుకోని అనంతయ్య

బేతంచెర్లలో అనంతయ్య చేతికి ఏ వస్తువిచ్చినా సరే, ఎండలోకి తీసుకుపోయి చూడందే ఒప్పుకోడు. నలభై ఏళ్లు బట్టలకొట్టు నడిపిన మనిషి. లైటు కింద ఒక రంగు, వీధిలో ఒక రంగు కనబడుతుందని ప్రతి చీరనూ గడప దాటించి చూపించాకే అమ్మేవాడు. కొట్టును కొడుక్కి అప్పజెప్పాడు గానీ అలవాటును అప్పజెప్పలేదు. వంకాయలు ఎండలో చూస్తాడు. మందుబిళ్లలు ఎండలో చూస్తాడు. ఆఖరికి కూతురు హరితకు సంబంధం వస్తే, పాపం ఆ పెళ్లికొడుకుని నడివేసవిలో మిద్దె మీద నిలబెట్టి, చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాగుండాడు, రంగు పోయే సరుకు కాదు," అన్నాడు. ఆ అల్లుడు ఇప్పటికీ అత్తగారింటికి వస్తే గొడుగు తెచ్చుకుంటాడు.

అలాంటి ఇంట్లో వంటింటి అలమారలకు రంగు వేయడానికి ఒప్పుకున్నాడు పెయింటర్ సుంకప్ప. పదహారు కొయ్య తలుపులు. సోమవారం మొదలుపెట్టాడు, శనివారానికి ముగించాలి. పైసోమవారం పొద్దునకల్లా ఎర్రగుంట్లలో ఉండాలి మరి. అక్కడ ఫ్యాక్టరీ క్వార్టర్సుకు మూడు నెలల పని కుదిరింది. ఒక్కరోజు ఆలస్యమైనా ఇంకొకరిని పెట్టుకుంటానని మేస్త్రీ తెగేసి చెప్పాడు.

అందుకని సుంకప్పకు కాలు నిలవడం లేదు. తలుపులు ఊడదీయడం, జిడ్డు కడగడం, గరుకు కాగితం పట్టి రుద్దడం, గుంటలకు లప్పం పెట్టడం, ప్రైమర్ వేయడం, ఒకదాని వెంట ఒకటి. బండల లారీలు లేపే దుమ్ము తడి మీద పడకుండా కిటికీలన్నీ బిగించుకున్నాడు. మంచినీళ్లకు కూడా బయటికి రాడు. లోపల తార్పిన్ ఘాటు, ఉక్కపోత, సుంకప్ప దగ్గు.

"పైరంగు ఏదో ఇప్పుడే చెప్పండి శెట్టిగారూ, ప్రైమర్ ఆరగానే మొదలుపెడతా."

"ఉల్లిపొర రంగు. ఇదో, చిన్న డబ్బా తెచ్చినా. ముందు ఆ మూల పడుండే పాత తలుపు మీద పూయి. ఎండలో చూద్దాం పా. ఆ పక్క నువ్వు పట్టుకో."

ఇద్దరూ ఆ పాత తలుపును మోసుకుంటూ వీధిలోకి వచ్చారు. దాన్ని గోడకు ఆనించి, అనంతయ్య అరుగు మీద చతికిలబడ్డాడు.

"కూర్చోప్పా. ఆరితే కదా అసలు రంగు తెలిసేది."

అనంతయ్య భార్య అలివేలమ్మ మజ్జిగ తెచ్చింది. సుంకప్ప ఒక కన్ను మజ్జిగ మీద, ఒక కన్ను వంటింటి మీద పెట్టి గటగటా తాగాడు. ఇంతలో బండల లారీ ఒకటి పోయింది. తలుపు తెల్లబడింది.

"ఇదేంది, ఉల్లిపొర కాదు, విభూతి! ఇంకోటి చూద్దాంలే."

గంట గడిచిందో లేదో మామిడిచిగురు రంగు. మళ్లీ మోత, మళ్లీ అరుగు, మళ్లీ మజ్జిగ, మళ్లీ లారీ. సాయంత్రం వంగపండు రంగు. మంగళవారం నెమలికంఠం. "శానా ముదురు," అన్నాడు. చందనం. "శానా లేత," అన్నాడు. బుధవారం మాపటికి ఆ తలుపు మీద తొమ్మిది రంగులు, వాటి మధ్య తొమ్మిది పొరల దుమ్ము. సుంకప్ప కడుపులో తొమ్మిది చెంబుల మజ్జిగ.

గురువారం పొద్దున "ఎండలో చూద్దాం పా," అని వినబడగానే సుంకప్ప బ్రష్షు విసిరికొట్టాడు.

"ఇంగ నేను రాను శెట్టిగారూ! మీ ఎండా వద్దు, మీ మజ్జిగా వద్దు. మూడే దినాలుండాయి. ఎర్రగుంట్ల పని పోతే మళ్లీ ఎవురిస్తారు నాకు?"

అనంతయ్య ముఖం చిన్నబోయింది. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

అలివేలమ్మ మెల్లగా వచ్చింది. "అటక మీద చూడు సుంకప్పా."

చూశాడు. నాలుగు పెద్ద డబ్బాలు, మూతలు తీయనివి. అన్నీ ఉల్లిపొర రంగే.

"సోమవారమే తెచ్చి పెట్టినాడు. పైరంగుకు రెండు దినాలు చాలునని అంగట్లో అడిగి తెలుసుకున్నాడు కూడా."

"మరి ఈ తొమ్మిది రంగులు ఎందుకమ్మా?"

"నువ్వు దగ్గుతాంటే అవతల గదిలో ఆయనకు కాలుగాలిన పిల్లి బతుకైపాయె. కొంచేపు బయట కూర్చోమని మొదటి దినమే చెప్పినాడు, విన్నావా? పని ఉండాదంటివి. పని పేరు చెప్తేనే గడప దాటుతావని, నీతో తలుపు మోయిస్తాండాడు."

సుంకప్ప తాను విసిరికొట్టిన బ్రష్షును ఏరుకున్నాడు. దాన్ని తుడుస్తూ, "అయితే అల్లుణ్ణి మిద్దె మీద నిలబెట్టింది కూడా ఏదో మంచికేనా అమ్మా?" అని అడిగాడు.

"అదా? అది పిచ్చే నాయనా," అంది అలివేలమ్మ.

అంతలో అనంతయ్య కొట్లోంచి ఒక పలుచటి మల్లు బట్ట తాను చంకలో పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. కిటికీలు బార్లా తెరిచి, ఆ బట్టను తడిపి అడ్డంగా కట్టాడు. గాలి వచ్చింది, దుమ్ము రాలేదు.

"ఇది ముందే తోచక తిట్లు తింటి," అని గొణిగి, "ఇంగ పూయప్పా. ఏంటికట్ల చూస్తాండావు?" అన్నాడు. సుంకప్ప కళ్లు తుడుచుకుని, తార్పిన్ ఘాటు అని చెప్పి, డబ్బా మూత తీశాడు. శనివారం సాయంత్రానికి పదహారు తలుపులూ బిగించేశాడు.

సోమవారం ఎర్రగుంట్లలో, తలుపులు మూసిన గదిలో పని మంచి జోరు మీద ఉండగా ఫోను మోగింది. అనంతయ్య, వీడియో కాల్.

"సుంకప్పా, మూడో తలుపు రంగు తేడాగా ఉండాదప్పా. చూడు."

"సరిగా కనపడల్యా శెట్టిగారూ."

"గదిలో ఉంటే యాడ కనపడుతుంది? బయటికొచ్చి చూడు. తొందరేం లేదు, బాగా చూడు."

సుంకప్ప బయటికి వచ్చి గోడనీడలో కూర్చున్నాడు. ఫోనులో తలుపు లేదు, అనంతయ్యా లేడు. ఇంటికప్పుకు తిరుగుతున్న ఫ్యాను మాత్రం కనబడుతోంది. సుంకప్ప ఆ ఫ్యానునే పది నిమిషాలు తీరిగ్గా చూసి, రంగు బాగానే ఉందని చెప్పాడు.