కండక్టరమ్మ బాల్కనీ

ఊరి చివర ఇటుకల బట్టీల దాకా వెళ్ళే పొద్దుటి బస్సులో ఆవిడ పదకొండేళ్ళుగా కండక్టరు. పేరు పెట్టి పిలిచేది అన్నయ్య ఒక్కడే. మిగతా అందరికీ కండక్టరమ్మ. నలభై రెండేళ్ళ మనిషి. నోట్లో ఈల, చేతిలో టికెట్ల మిషను, మొహాన ఓ చిన్న నవ్వు. ఆ మూడింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ పనిలో ఉండేది.

ఒకనాడు ఆసుపత్రి నర్సు పాత పాలడబ్బాలో క్రోటన్ మొక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆకుల అంచులు మాడి ఉన్నాయి.

"దీనికి అర టికెట్టా, పూర్తి టికెట్టా?" అంది కండక్టరమ్మ.

"బతికితే పూర్తిదే కొట్టక్కా."

ముందు సీట్లో రంగు మరకల చొక్కాతో కూర్చున్న ముసలి పెయింటరు వెనక్కి తిరిగాడు. అంతకుముందు ఆయన గొంతు విన్నవాళ్ళు ఆ బస్సులో లేరు. "డబ్బా అడుగున చిల్లులున్నాయా అమ్మా? లేకపోతే వేళ్ళు నాని కుళ్ళిపోతాయి. మేకుతో నాలుగు పొడు" అన్నాడు.

మొక్క బతికింది. దాంతో బస్సు ముందు భాగం రంగు మారిపోయింది. చెమ్మపట్టిన గోడకి ముందేం పూయాలో పెయింటరు చెప్పేవాడు. గులాబీ కొమ్మను కణుపు కింద ఏటవాలుగా కోయాలని నర్సు చెప్పేది. పాత అట్టపెట్టెలతో లాంతర్లు చేసే క్రాఫ్టు మాస్టారు మాత్రం అడిగినదానికీ అడగనిదానికీ జిగురుతోనే జవాబు చెప్పేవాడు. తడిగుడ్డలో చుట్టిన కొమ్మలు ఒక సీటు నుంచి ఇంకో సీటుకి చేతులు మారేవి.

"మరి మీ ఇంట్లో ఏం పెంచుతున్నారండీ?" అని మాస్టారు ఓసారి కండక్టరమ్మను అడిగాడు.

ఆవిడ ఉండేది అన్నయ్య ఇంట్లో. రెండు గదులు, అన్నా వదినా, ఇద్దరు మేనకోడళ్ళు. పగలు మడిచి గోడకి ఆనించే మంచం, దాని వెనక ఒక ట్రంకు పెట్టె ఆవిడవి. వదిన మంచిదే. మంచి మనిషైనా లేని చోటు ఎక్కణ్ణించి తెస్తుంది?

"చిన్న బాల్కనీ ఉందండీ" అంది కండక్టరమ్మ. ఎందుకన్నదో ఆవిడకే తెలియదు. మాట నోరు దాటాక వెనక్కి పిలవబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి ఆ బాల్కనీకి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. నేల ఎర్రది. రెయిలింగు పొడవు మూడున్నర అడుగులు, రంగు పెచ్చులూడింది. "తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, ఆ పైన నీలం వెయ్యి. మబ్బు పట్టేముందు ఆకాశం ఉంటుందే, ఆ నీలం" అన్నాడు పెయింటరు. నర్సు అక్కడ పుదీనా నాటించింది. మాస్టారు ఓ లాంతరు వేలాడదీయించాడు. స్టాపుకీ స్టాపుకీ మధ్య, కడ్డీ పట్టుకుని నిలబడ్డ కండక్టరమ్మ తలుపు తోసుకుని అందులోకి వెళ్ళిపోయేది. కాళ్ళ కింద నేల చల్లగా తగిలేది. ఎండ వచ్చి రెయిలింగు మీద పిల్లిలా పడుకునేది. దిగేవాళ్ళెవరో "హోల్డాన్" అని అరిచేదాకా ఈల వేయడం కూడా గుర్తుండేది కాదు. ఇలా ఆరేళ్ళు గడిచాయి.

పెయింటరుకి మోకాళ్ళు అరిగి పని మానేసే రోజు వచ్చింది. చివరిరోజు ఆయన మొక్కలు నాటుకునే పొడవాటి చెక్కపెట్టెతో బస్సెక్కాడు. చిత్రిక పట్టి నున్నగా చేసిన పెట్టె. వెనక రెండు ఇనుప కొక్కేలు.

"నువ్వు చెప్పిన రెయిలింగు కొలతకే చేశానమ్మా. ఆదివారం వచ్చి నేనే బిగిస్తా. ఇల్లెక్కడో చెప్పు."

బట్టీల దగ్గర అందరూ దిగిపోయారు. ఖాళీ బస్సులో కండక్టరమ్మ ఆయన పక్కన కూర్చుంది.

"బాబాయ్, ఆ బాల్కనీ లేదు."

"అమ్మేశారా?"

"ఎప్పుడూ లేదు."

ఆయన పెట్టె అంచుని బొటనవేలితో రుద్దాడు. తర్వాత పెట్టె ఎత్తుకుని దిగిపోయాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. వారం పాటు బస్సులో తలెత్తలేదు. నర్సు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేసింది.

"నాకు తెలుసక్కా. పొద్దున ఎండా సాయంత్రం ఎండా రెండూ పడే బాల్కనీ ఎక్కడుంటుంది?" అంది నర్సు. "ఆయనే పాపం నమ్మాడు. వెళ్ళి కలువు."

ఆదివారం వెళ్ళింది. పెయింటరు ఇంటి గోడలకి సున్నం తప్ప ఏ రంగూ లేదు. ఆయన గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆ పెట్టె, అందులో అప్పుడే నాటిన పుదీనా.

"నా బాధ నువ్వు అబద్ధం ఆడినందుకు కాదమ్మా" అన్నాడు. "నిచ్చెనలెక్కి దిగి, కాళ్ళు లాగేసి ఇంటికొచ్చాక, కళ్ళు మూసుకుని నీ బాల్కనీలోనే కూర్చునేవాణ్ణి. ఇప్పుడెక్కడ కూర్చోమంటావు?"

ఆవిడ ఆయన పక్కన గడప మీద కూర్చుంది. "ఉంది బాబాయ్. ఎటూ పోలేదు. లాంతరు కిందే ఉంది మీ కుర్చీ."

ముసలాయన నవ్వాడు. ఇద్దరూ చాలాసేపు ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ కూర్చున్నారు. మధ్య మధ్య ఒకరు మాటల్లోనే ఆ బాల్కనీలో ఏదో కుండీ జరిపేవారు, ఇంకొకరు వద్దు, అక్కడే బాగుందనేవారు. వెళ్ళేటప్పుడు ఆయన, "నిజంది కూడా ఒకటి చూసుకో. అగ్గిపెట్టంతైనా సరే" అన్నాడు.

రెండు నెలలకి ఆవిడ డిపో వెనక వీధిలో ఒంటిగది అద్దెకు తీసుకుంది. అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. వదిన మాత్రం తన దుప్పట్లలో మంచివి రెండు ఏరి ట్రంకులో పెట్టి, "అలిగినప్పుడు నేనొచ్చి ఉంటా, తలుపు తియ్యి" అంది. బాల్కనీ లేదు. ఉన్న ఒక్క కిటికీలోంచి రేకుల షెడ్డు కనిపిస్తుంది.

మర్నాడు బస్సులో ఆవిడ మొదటిసారి నిజంగా తనకు కావలసిన సలహా అడిగింది.

"కర్టెను కట్టుకుందామంటే గోడకి మేకు నిలవడం లేదండీ. కొడితే ఇసుక రాలుతోంది."

మాస్టారు జిగురన్నాడు. నర్సు నవ్వింది. సాయంత్రం డ్యూటీ దిగాక ఆవిడ పెయింటరు దగ్గరకు వెళ్ళి అడిగి వచ్చింది. సెలవు రోజున, ఆయన చెప్పినట్టే రంధ్రం కొంచెం వెడల్పు చేసి, కొనదేలిన చెక్క బిరడా ఒకటి దిగ్గొట్టి, ఆ చెక్కలోకి మేకు కొట్టింది. చేత్తో లాగి చూసింది. కదల్లేదు. రెండోదీ కొట్టి, తీగ లాగి, కర్టెను ఎక్కించింది. గది అంతా లేత పసుపు వెలుగులో, నీళ్ళ అడుగున ఉన్నట్టు, మెల్లగా ఊగింది.

ఎవరో తలుపు తట్టారు. చప్పుడుకి గొడవ పెట్టుకోవడానికొచ్చారేమోనని భయపడుతూ తీసింది. పక్కగది ఆవిడ, చేతిలో ఓ ఫొటో ఫ్రేము.

"మా వైపు గోడ కూడా ఇంతేనండీ, దేన్నీ పట్టుకోదు. మీరెలా కొట్టారు?"

"లోపలికి రండి, చూపిస్తా" అంది కండక్టరమ్మ. మిగిలిన బిరడాలు ఏరి కొంగున పోసుకుంది.