కాలువ కట్టేశాక చూసిన నుయ్యి

1984 జనవరిలో అమలాపురంలో మా సంస్థ ఆఫీసు మేడ మీద మాకు శిక్షణ జరిగింది. అంటరానితనం, వెట్టి, కూలి రేట్లు వంటి విషయాల్లో ఊరి బయట దళిత పేటల్లో ఉండేవాళ్ళ హక్కుల కోసం ఊరికొక కార్యకర్తను పెట్టి పని చేయించడం ఆ సంస్థ పద్ధతి. ఆ పని ఫలించిందో లేదో చూసి చెప్పే మనుషులు కూడా కావలసి వచ్చింది. అలా ఎంచుకున్న కొద్దిమందిలో నేనొకణ్ణి.

శిక్షణ ఇచ్చినది దేవదానంగారు. విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు రాజోలు వైపు. పని జరుగుతూండగా గమనిస్తూ ఉండడం మానిటరింగ్ అనీ, పని వల్ల ఏం మారిందో తేల్చడం ఇవాల్యుయేషన్ అనీ చెప్పారు. మార్పు వచ్చిందని దేన్ని చూసి నమ్ముతామో అది ఇండికేటర్. ఆయన పట్టుబట్టిన నియమం ఇంకొకటి ఉంది. కార్యకర్త తన పని గురించి తాను చెప్పే మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు. ఆయన ఇప్పుడు లేరు. ఆ మేడ మీద మాతో కూర్చున్నవాళ్ళలో మరికొందరు కూడా లేరు. గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

శిక్షణలో భాగంగా నన్ను ఒక ఊరు పంపారు. పి.గన్నవరం దాటి దిగువకు వెళ్తే వస్తుంది. పేరు రాయను. ఆ ఊళ్ళో మిగతా నూతుల నీళ్ళు ఉప్పన. పంచాయతీ నుయ్యి ఒక్కటే మంచినీళ్ళది. పూర్వం పేట ఆడవాళ్ళు చప్టా కింద నిలబడితే ఊరివాళ్ళెవరో తోడి వాళ్ళ బిందెల్లో పోసేవారు. నేను వెళ్ళడానికి రెండేళ్ళ ముందు మా కార్యకర్త సువార్త చొరవతో అధికారులు వచ్చి, నుయ్యి అందరిదీ అని ఊరిచేత ఒప్పించారు. పేటవాళ్ళు తామే తోడుకోవడం మా ఇండికేటర్.

నేను వెళ్ళేసరికి రెండో పంట దాళ్వా నాట్లు జోరుగా ఉన్నాయి. పెద్దరైతు ఒకాయన అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళిచ్చి, "ఎవరైనా తోడుకోవచ్చండి. మేం కాదన్నదెప్పుడు?" అన్నాడు. పేటలో కరుణమ్మ అనే ఆమెను అడిగాను. నడివయసు మనిషి, నాట్లకూ కోతలకూ ఆ రైతు ఇంటికే వెళ్తుంది.

"నూతిలో నీళ్ళు మీరే తోడుకుంటున్నారా?"

"ఆయ్. తోడుకుంటన్నావండి."

"ఎవరైనా అభ్యంతరం పెడుతున్నారా?"

"ఎవరూ ఏమీ అనరండి."

నూతి దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. పేట ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి, తోడుకుని వెళ్ళారు. వాళ్ళనెవరూ ఆపలేదు. మార్పు వచ్చిందని రాశాను. అంటే మార్చి ఆఖరుకి సువార్తను అక్కణ్ణించి తీసి వేరే ఊరికి వేయవచ్చు.

ఆ రిపోర్టు శిక్షణలో చదివినప్పుడు, ఆ ఊరి కార్యకర్తగా పిలిపించిన సువార్త లేచింది.

"మాస్టారూ, ఇప్పుడు కాలువ నిండుగా ఉందండి. ఊరూ పేటా అందరూ కాలవనీళ్ళు తెచ్చుకుని, చిల్లగింజ అరగదీసి తేర్చుకు తాగుతున్నారు. నూతికి వచ్చేదెవరండి? ఏప్రిల్లో కాలువలకు నీళ్ళు కట్టేశాక చూడండి."

"నువ్వు కదమ్మా అక్కడ పనిచేసేది? పని పూర్తయిందంటే నువ్వు ఊరు మారాలి. నీ మాట ఎలా తీసుకోను?" అన్నారు దేవదానంగారు.

"తీసుకోవద్దండి. ఎక్కడికి పంపినా వెళ్తాను, అల్లవరం పంపండి. ఏప్రిల్ వెళ్ళాక పంపండి."

దేవదానంగారు నా రిపోర్టు మీద 'ఇంకా తేలలేదు' అని రాశారు. ఏప్రిల్లో నేను మళ్ళీ వెళ్ళి రెండు పొద్దులు చూడాలి. ఆ రెండు రోజులూ సువార్త ఊళ్ళో ఉండకూడదు. ఆమెను చూసి జనం ఎలా ఉంటారన్నది కాదు, ఆమె లేనప్పుడు ఎలా ఉంటారన్నదే మాకు కావాలి. నేను ఏ విషయంలోనూ కలగజేసుకోకూడదు.

ఏప్రిల్లో కాలువ అడుగు బయటపడి ఉంది. తెల్లారేసరికి నూతి చుట్టూ జనం. ఊరి ఆడవాళ్ళు చప్టా మీద, పేట ఆడవాళ్ళు చప్టా దిగువన. పొమ్మన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళూ లేరు. ఊరు తోడుకోవడం అయ్యేసరికి చేదలో వండు, బురద వస్తోంది. అప్పుడు పేట ఎక్కుతోంది.

ఆవేళ కరుణమ్మ ముందే ఎక్కింది. ఆమె పనిచేసే ఇంటి రైతుభార్య అక్కడే ఉంది.

"ఏమే కరుణా, ఊరింకా తోడుకోందే నీకంత తొందరేంటే?"

"పిల్ల పురిటికొచ్చిందండి. మా వంతొచ్చేసరికి వండే వస్తందండి."

"మీ సువార్తమ్మ లేదుగా ఇయ్యాళ. ఆవిడొచ్చేక తోడుకుందువుగాన్లే. ఆవిడెదురుగా అయితే చెయ్యి బాగా ఆడుద్ది నీకు."

ఒకరిద్దరు నవ్వారు. కరుణమ్మ నా వైపు తిరిగింది.

"బాబుగారూ, తమరు చూత్తానికొచ్చేరా, చెప్తానికొచ్చేరా?"

"చూడ్డానికే."

"ఆయ్. అయితే చూడండి."

చేద నూతిలోకి వదిలింది. తేట నీళ్ళు బిందెలో పోసుకుని, చుట్టూ ఉన్నవాళ్ళను తప్పించుకుంటూ దిగి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. హక్కు ఉంది, వాడుకుంది అని రాసుకున్నాను. శిక్షణలో నేర్చుకున్న ప్రకారం ఇండికేటర్ కుదిరినట్టే.

మర్నాడు దాళ్వా కోతలు. పేట అంతా కొడవళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది. కరుణమ్మ గుమ్మంలో కూర్చుని చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని ఉంది. లోపల కూతురు పడుకుని ఉంది.

"కోతకు వెళ్ళలేదా?"

"పిలవలేదండి."

"మిగతావాళ్ళను?"

"అందర్నీ పిలిచేరండి. మమ్మల్నే పిలవలేదు."

"ఎందుకని?"

"అదెవరు చెప్తారండి? జనవరిలో తమరడిగితే చెప్పేనుగా, ఎవరూ ఏమీ అనరని."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. జనవరిలో ఆమె నాతో అబద్ధం చెప్పలేదు. నేనడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

ఆ రెండు రోజులూ రిపోర్టులో పక్కపక్కన రాశాను. దేవదానంగారు చదివి, "నువ్వు చూడ్డానికి వెళ్తే ఆవిడకు కోత పోయింది. అదీ రాయి," అన్నారు. రాశాను. మేం పరీక్ష పెట్టాలనుకున్నది ఊరికి. దాని ఖర్చు పడినది ఒక ఇంటి మీద. సువార్త ఆ రోజు అక్కడ ఉంటే కరుణమ్మ ఒంటరిగా ఎక్కవలసి వచ్చేది కాదు. ఆ సంగతి తెలిసే సువార్తను తప్పించాం. అప్పటినుంచి కార్యకర్తను తప్పించి చూసే పద్ధతిని ఆయన శిక్షణలో చెప్పడం మానేశారు. ఎందుకు మానేశారో మాకెవరికీ వివరించలేదు.

సువార్తను ఆ ఊళ్ళోనే ఉంచారు. ఏడాదంతా ఆమె చేసిన పని నూతి దగ్గర కాదు, పేటలో. ఒక ఇంటిని వదిలేసి పిలిస్తే మిగతా ఇళ్ళూ కోతకు దిగకూడదని ఒప్పించడానికి చాలా నెలలు పట్టింది. అందరూ ఒప్పుకోలేదు. దిగేవాళ్ళు దిగారు. ఆ ఏడు కరుణమ్మ ఇంటివాళ్ళు జొన్నాడ దాకా కూలికి పోయి వచ్చేవాళ్ళు.

మరుసటి ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళాను. పేట ఆడవాళ్ళు కొందరు వచ్చిన వరసలోనే తోడుకున్నారు. కరుణమ్మ ముందు వరసలో ఉంది. మాటలు కొన్ని పడ్డాయి. ఈసారి నేను రాసినది అక్కడితో ముగించలేదు. మర్నాడు పొద్దున్నే చేలగట్టుకు వెళ్ళాను. అదే రైతు చేలో కోత వరసలో ఆమె ఉంది. పలకరిద్దామనుకున్నాను గాని, ఆమె వంచిన నడుము ఎత్తలేదు.

హక్కు ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. దాన్ని వాడుకున్న మనిషిని మర్నాడు పనికి పిలిచారా లేదా అన్నది అడక్కుండా ఏ ఊరి రిపోర్టూ ముగించకూడదని ఆ గట్టు మీద నేర్చుకున్నాను.