శిక్షకు ముందు అడిగే మాట

రాస్ అల్ ఖైమా నుంచి దుబాయ్ వచ్చే బస్సులో ఉన్నాను. కంపెనీలో మనుషుల్ని పెట్టుకోవడం, తీసేయడం నా ఉద్యోగం. ఆ రోజుకి ఓపిక అయిపోయింది. తప్పు చేసిన ఒక పనివాడి గురించి ఫోన్లో, "వాడి పని ఖలాస్. ఊరికి టికెట్ తీసెయ్యండి" అని చెప్పి పెట్టేశాను.

పక్క సీటులోని పెద్దావిడ తెలుగులోనే అడిగారు.

"అతనేమన్నాడు బాబూ?"

"అడగలేదండీ. తప్పు రుజువైపోయింది కదా."

"శిక్ష వేసేముందు, ఏమైనా చెప్పుకుంటావా అని ముద్దాయిని జడ్జి అడగాలి. ప్రాసిక్యూటర్‌గా ఉన్నన్నాళ్లూ ఆ టైంలో నేను తర్వాతి కేసు ఫైలు తిరగేసుకునేదాన్ని. జడ్జినయ్యాక ఆ మాట నేనే అడగాల్సొచ్చింది. అడిగాక వినాలి కదా."

"వింటే శిక్ష మారేదా అండీ?"

"చాలాసార్లు మారేది కాదు" అని ఆవిడ కళ్లు మూసుకున్నారు. అల్ కుసైస్ స్టాపులో దిగిపోయారు.

మర్నాడు అల్ ఖూజ్ ఆఫీసుకి అతన్ని పిలిపించాను. నా బల్లకి అవతలి వైపు కుర్చీ ఎప్పుడూ లేదు. వచ్చినవాళ్లు నిలబడే విని వెళ్లేవాళ్లు. పక్క గదిలోంచి ఒకటి తెచ్చి వేశాను.

కూర్చోమంటే అతను ఇంకా భయపడ్డాడు.