మేనమామ జుట్టు, తిరుత్తణి గంధం

మా మనవరాలు వెన్నెలకు పుట్టువెంట్రుకలు తీయించడం ఏటా వాయిదా పడి అయిదో ఏటికి వచ్చింది. తిరుత్తణి కొండ మీద, మేనమామ ఒడిలోనే తీయించాలన్నది మా ఇంటి మొక్కు. ఆ మేనమామ మా అబ్బాయి మురళి. సెలవులకు మా అమ్మాయి ఉమ పిల్లలిద్దరితో హోసూరు నుంచి వచ్చింది. బేసి ఏటనే తీయించాలి కాబట్టి ఇప్పుడు తప్పితే మళ్లీ ఏడో ఏడే, అప్పటికి ఎవరెక్కడో! ఆ ఆదివారమే పని కావాలని పట్టుబట్టాను.

ఉదయం ఆరింటికి మణవాళనగర్‌లో ఇల్లు కదిలి, తిరువళ్ళూరు స్టేషన్‌లో తిరుత్తణి లోకల్ ఎక్కాం. మా దారిన వచ్చేవాళ్లకు ఒక మాట: అరక్కోణం దాకా సీటు మీద ఆశ పెట్టుకోకండి. పులిహోర డబ్బా కూడా ఒకటి చాలదు. వెన్నెల అన్న కార్తి కడంబత్తూరు దాటకముందే మూత తీశాడు, అరక్కోణానికి అడుగు కనిపించింది.

గుండు మాట ఎత్తకుండా, నెమలిని చూపిస్తామని వెన్నెలను తీసుకొచ్చాం. పక్కన పూలబుట్టతో ఉన్న ఆవిడ దాని జడ నిమిరి, "ఈ జడకా గుండు? అయ్యో పాపం!" అంది. అంతే, కొంప మునిగింది. "నాకు మొట్ట వద్దు, గుండు వద్దు!" అని వెన్నెల ఎత్తుకున్న రాగం స్టేషన్ వచ్చినా ఆగలేదు.

ఎనిమిదిన్నరకు ఆటోలో కొండెక్కి గుండ్లు కొట్టే మండపంలో కూర్చున్నాం. మురళి ఒడిలో పెట్టి తల తడిపితే వెన్నెల సబ్బుబిళ్లలా జారిపోయింది. బెలూన్ చూపించాం, ఫోన్ ఇచ్చాం. ఏ పాచికా పారలేదు.

"ఏడ్చే బిడ్డకు కత్తి పెట్టలేనమ్మా. ఊరుకున్నాక పిలవండి" అని గుండు కొట్టే ఆయన ఇంకొకరి వైపు తిరిగాడు. ఇంతదూరం వచ్చి మొక్కు తీరకుండానే దిగాలా?

అప్పుడు వెన్నెల ముక్కు చీదుకుని తీర్పు చెప్పింది. "మామకు ఫస్ట్. అప్పుడు నాకు."

అందరం మురళిని చూశాం. వాడి జుట్టంటే వాడికి ప్రాణం. "వచ్చే వారం పెరియపాళయంలో పెళ్లిచూపులుండాది గదమ్మా! ఆ పిల్ల పారిపోతాది."

మా ఆయన తన బట్టతల నిమురుకున్నారు. "జుట్టును చూసి వచ్చేదాన్ని, అది ఊడినాక యాడ పట్టుకుంటావురా? కూచో!"

మురళి గుడి వైపు ఒకసారి, మేనకోడలి వైపు ఒకసారి చూసి తల వంచాడు. మొదటి గీతకు వెన్నెల వెక్కిళ్లు ఆగాయి. సగం గుండుకు కిలకిలా నవ్వింది. పూర్తయ్యాక తనే వచ్చి ఆ ఒడిలో కూర్చుంది. మొక్కు తీరింది!

దానికి అంతటితో సరిపోలేదు. "అన్నకు?" కార్తి కూర్చున్నాడు. "తాతకు?" ఉన్న నాలుగు వెంట్రుకలూ ఆయన సమర్పించుకున్నారు. ఉమ జడ కొసన మూడు కత్తెర్లిచ్చి తప్పించుకుంది. "అవ్వకు?" అంది వెన్నెల. ఇంతసేపూ పొట్ట పట్టుకుని నవ్విన నేను గబుక్కున కొప్పు పట్టుకున్నాను. ఈ కొప్పు మీద నా మోజు మణవాళనగరంతటికీ తెలుసు. కానీ ఆ చిన్న గుండు కింద మెరిసే కళ్లకు వద్దని ఎట్లా చెప్పను? కూర్చున్నాను.

మధ్యాహ్నం తిరుగు రైల్లో గంధం పూసిన అయిదు గుండ్లు వరసగా కూర్చున్నాయి. "ఇంట్లో ఎవరినీ వదల్లేదా?" అని ఎదుటి పెద్దాయన పకపకా నవ్వాడు. ఉమ అప్పటికే ఆ గుండ్ల ఫోటో చుట్టాలందరికీ, పెళ్లిచూపుల మధ్యవర్తికీ పంపేసింది. రైలు తిరువాలంగాడు దగ్గరికి వచ్చేసరికి ఆ మధ్యవర్తి ఫోన్ చేశాడు. "పిల్ల మీ ఫోటో చూసి నవ్వి నవ్వి అలిసిపోయినాది. ఆదివారం అందరూ ఇట్లనే రావాలంట. టోపీలు పెట్టుకోవద్దనింది."

మురళి అలవాటుకొద్దీ జుట్టు సర్దుకోబోయి గంధం తడుముకున్నాడు.

వెన్నెల నా భుజం మీద నిద్రపోయింది, అరచేయి నా గుండు మీద పెట్టుకుని. పెద్దయ్యాక దానికి ఈ రోజు గుర్తుంటుందో లేదో. నా తలకు మాత్రం, మళ్లీ కొప్పు పెరిగినా, ఆ చేయి గుర్తుంటుంది.