గుమ్మడిదల అడవి అంచున జింకల మడి

మావారి ఉద్యోగం కోసం తెనాలి వైపు నుంచి బొల్లారం వచ్చి మూడేళ్లయింది. మా బాబుకి నాలుగేళ్లు. పొగగొట్టాలు, కంపెనీ బస్సులు తప్ప ఇంకేమీ చూడకుండా పెరుగుతున్నాడని నాకు బెంగ. మా ఇంటి ఓనరు సత్తెమ్మగారిది గుమ్మడిదల దగ్గర పల్లె. ఒకరోజు ఆవిడ, "మా తమ్ముడు జింకలకు మేత మడి ఏసిండు. జెర వొచ్చి సూడరాదు" అన్నారు.

"జింకల కోసం పంట వేయడమేమిటి పిన్నిగారూ?"

"నేను జెప్తే నమ్ముతవా? సూద్దువు రా."

మావారికి ఆదివారం కూడా డ్యూటీయే. పులిహోర, ఫ్లాస్కులో పాలు, బాబు దగ్గుమందు, రెండు స్వెట్టర్లు సర్దుకుని సత్తెమ్మగారితో పొద్దున్నే షేర్ ఆటో ఎక్కాను. రాత్రి షిఫ్టు దిగిన కుర్రాడొకడు పక్కన కునుకుతున్నాడు. కళ్లు తెరవకుండానే, "బాబు ముక్కుకు కర్చీఫ్ వెట్టుండ్రి మేడం, ముంగట నాలా వస్తది" అన్నాడు. నిజంగానే కంపెనీల మురుగుకాలవ వచ్చింది, ఘాటు వాసనతో. మెయిన్ రోడ్డు మీద నర్సాపూర్ బస్సు పట్టుకుని, పది దాటాక గుమ్మడిదలలో దిగి, అక్కడినుంచి నడిచాం. నడిచేకొద్దీ గాలి మారింది. బాబు నా చెయ్యి వదిలించుకుని ముందు పరుగెత్తాడు.

సత్తెమ్మగారి తమ్ముడు మల్లేశం వారంలో ఆరు రోజులు మందుల కంపెనీలో పని చేస్తాడు, మిగతా వేళల్లో వ్యవసాయం. అడవి అంచున అతని శనగచేను ఉంది. ఏటా చలికాలం చుక్కల జింకలు దిగి దాన్ని నున్నగా మేసి పోతాయట. చుట్టుపక్కల కొందరు పొద్దుగూకితే చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడుతున్నారు. మల్లేశం ఇంటి దూలానికి కూడా కొత్త తీగ చుట్ట వేలాడుతోంది.

"జింకలు మడి తింటే సరే. లేకుంటే రేపే తీగ కడ్తడంట" అంది అతని భార్య లచ్చవ్వ. "గా తోవల మా పోరగాండ్లు దిరుగుతరు. నాకు నిద్ర వడ్తలేదు బిడ్డా." నేను బాబుని దగ్గరికి లాక్కున్నాను.

"నాకేమన్న సరదానా?" అన్నాడు మల్లేశం. "శనగ పోతే మేం తినేదేంది?"

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసుతో భోజనం పెట్టారు. తర్వాత మడి చూడటానికి వెళ్లాం. మొదట వాగు పక్కన వేద్దామనుకున్నారట. అక్కడ మన్ను పిడికెడు తీసి వాసన చూస్తే కంపెనీ వాసన. అది మానేసి పైన, అడవికీ శనగకీ మధ్యనున్న ఎర్రమట్టి చెలకని ఎంచుకున్నారు. పిల్లిపెసర, అలసంద, ఉలవ కలిపి చల్లారు. అన్నీ ఒక్కసారి ముదిరిపోకుండా వారానికి కాస్త చొప్పున చల్లడం, ముదిరినచోట పైపైన కొడవలితో కోసి మళ్లీ చిగురు రప్పించడం లచ్చవ్వ పని. జొన్న మాత్రం వేయలేదు. "లేత జొన్న మేస్తే నాము తగుల్తది, పశువైనా జింకైనా పడి సస్తది" అంది. ఓ మూల నీళ్ల తొట్టి కూడా పెట్టారు. అంత చేసినా ఒక్క ఆకు కొరికిన జాడ లేదు.

శనగచేను చుట్టూ, మడి చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు, నీలం, గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. సత్తెమ్మగారు ఒకటి పట్టుకుని, "గిది నీ లగ్గం చీర గాదే?" అన్నారు. "మీ తమ్ముడు దాన్ని గూడ ఇడ్వలే వదినా" అంది లచ్చవ్వ.

ఎండ వాలాక మంచె ఎక్కి కూర్చున్నాం. అడవి అంచున ఏదో కదిలినట్టయింది. చూస్తుండగానే చెట్ల నీడలోంచి ఒక తల, మరో తల, తర్వాత మందకు మంద. ఒంటినిండా ముగ్గుచుక్కలు. మడికి ఇరవై అడుగుల దూరంలో అన్నీ ఆగాయి. గాలికి ఒక చీర ఎగిరింది. మంద మొత్తం పక్కకు తిరిగి, వాగు వైపు చుట్టి, చీరలు చినిగిన సందులోంచి శనగలో దిగింది.

మల్లేశం దిగి వాటిని అదిలించి వచ్చి, "ఇగ అయిపోయింది. రేపు తీగ గట్టుడే" అన్నాడు.

లచ్చవ్వ మడి వంకే చూస్తోంది. "ఏమయ్యా, చీరలెందుకు కడ్తం?"

"జింకలు రావద్దని."

"మరి మడికెందుకు గట్టినవ్?"

"మేకలు మేస్తయని... చేనంటే కట్టుడే గదా" అన్నాడు మల్లేశం, తల గోక్కుంటూ.

"సుట్టాలను పిలిచి తలుపుకు గడె పెట్టుకున్నవ్ తమ్మీ" అన్నారు సత్తెమ్మగారు. నవ్వు ఆగలేదు ఎవరికీ. వెలుతురుండగానే అందరం మడి చుట్టూ ఉన్న చీరల ముడులు విప్పాం. కొన్ని బిగిసిపోతే పంటితో లాగాను. ఆ చీరలతోనే శనగచేను సందులు మూశాం. "పగలు మేకల సంగతి నేను జూస్కుంట" అంది లచ్చవ్వ.

ఆఖరి బస్సు పోయింది. ఎస్టీడీ బూత్ నుంచి మా పక్కింటికి ఫోన్ చేసి మావారికి కబురు చెప్పాను. ఆ రాత్రి మల్లేశం వాళ్లింట్లోనే మంచం మీద బాబు పక్కన పడుకున్నానన్న మాటే గానీ, జింకలు వస్తాయో రావో అన్న ఆలోచనే.

తెల్లవారక ముందే మళ్లీ మంచె ఎక్కాం. పొగమంచు. బాబు గుండె నా చేతికింద కొట్టుకుంటోంది. మంద వచ్చింది. నిన్న ఆగినచోటే ఆగింది. కొమ్ముల మగజింక ఒకటి శనగ దాకా వెళ్లి, చీరల ముందు నిలబడి వెనక్కి తిరిగింది. అప్పుడు ఒక తల్లి జింక, పిల్లని వెనక పెట్టుకుని, మడిలో అడుగుపెట్టి తల వంచింది. మెల్లమెల్లగా అన్నీ వంచాయి. లేత కాడలు తెగుతున్న చప్పుడు మంచె మీదికి వినిపించింది, సన్నవాన పడుతున్నట్టు.

ఆ క్షణాన బాబు దగ్గాడు.

అన్ని తలలూ ఒక్కసారి లేచాయి. అన్ని కళ్లూ మా మీదే. తల్లి జింక చెవులు రెండుసార్లు కదిలాయి. ఎంతసేపో తెలియదు. చివరికి తలొంచి మళ్లీ మేసింది, పిల్ల దాని పొట్టకింద దూరింది. మిగతావీ మేశాయి.

మల్లేశం గొంతు తగ్గించి, "తీగ దుకాణంల వాపస్ ఇస్త తియ్యే" అన్నాడు. లచ్చవ్వ పైట కొంగుతో కళ్లొత్తుకుంది.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట: చలికాలం వెళ్లండి. మాసిన రంగు బట్టలు వేసుకోండి. బిస్కెట్లు, రొట్టెముక్కలు విసరకండి.

తిరుగు బస్సులో కూరగాయల గంప పెట్టుకున్న ముసలాయన, "ఏడికి వోయొస్తున్రమ్మా?" అన్నాడు. జింకల్ని చూసి వస్తున్నామన్నాను. "ఏం జూస్తరు, మేసి పోతయి గంతే" అన్నాడు. "అవునండీ, మేశాయి" అన్నాను. బొల్లారం పొగగొట్టాలు కనిపించేదాకా నాకు అదే అద్భుతంగా తోచింది. మనిషి ఎత్తు దూకగల జంతువు ఒక పాత నూలుచీరకి బెదిరింది. అలాంటిది, మా పిల్లవాడి దగ్గు విని, మమ్మల్ని చూసి, తన పిల్లని పక్కనే ఉంచుకుని తలొంచి తిన్నది.